తొమ్మిదో గదికి బదులు టీచరు

ఆ ఏడాది ఆకులు రాలే రోజుల్లో మా ఇంట్లో అందరూ లేచే సరికే నేను ఫోను ముందు కూర్చుని ఉండేదాన్ని. ఆరుంబావుకీ ఏడింటికీ మధ్య అది మోగిందంటే ఊళ్లో ఎక్కడో ఒక టీచరుకి జ్వరమో జలుబో వచ్చిందని, ఆ క్లాసుకి నేను పరుగెత్తాలని అర్థం. ఏడు దాటితే ఇక మోగదు. అప్పుడు ఇస్త్రీ బట్టలు మళ్లీ బీరువాలో పెట్టేసి, ఏమీ జరగనట్టు మా అమ్మాయికి జడ వేసేదాన్ని.

మావారికి ఒక పరాయి దేశంలో ఒక్క ఏడాది పని. అక్కడి ఊరికి నీళ్లందించే పంపుల కేంద్రం కొత్తగా కడుతుంటే, యంత్రాలు బిగించే పని చూసుకోమని కంపెనీ పంపింది. నేను పద్నాలుగేళ్లుగా హైస్కూల్లో లెక్కల టీచర్ని. సెలవు పెట్టి, పదేళ్ల మా అమ్మాయిని తీసుకుని ఆయన వెంట వెళ్లాను.

"ఒక్క ఏడాదేగా. హాయిగా విశ్రాంతి తీసుకో" అన్నారు మావారు.

రెండు వారాలు తీసుకున్నాను. మూడో వారానికి వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తుల వారీగా సర్ది, అది నచ్చక వెడల్పుల వారీగా మార్చి, ఎదుటి భవనానికి ఎన్ని అద్దాల కిటికీలున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మా అమ్మాయి నన్ను కాసేపు చూసి, "నాన్నా, అమ్మకి ఏదో అయింది" అంది.

ఆ ఊళ్లో టీచర్లు సెలవు పెడితే ఆ పూటకి వేరే వాళ్లను పంపే ఆఫీసు ఒకటుంది. బదులు టీచర్ల ఆఫీసు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అక్కడ ఒకావిడ కళ్లజోడుకి గొలుసు కట్టుకుని, మెడలో వేలాడేసుకుని కూర్చునేది. మొదటిసారి వెళితే నా సర్టిఫికెట్లు ఆవిడకి అర్థం కాలేదు. రెండోసారి వాళ్ల భాషలోకి రాయించి తీసుకెళితే ముద్ర ఉండాల్సిన చోట లేదంది. మూడోసారి ముద్ర సరిగ్గానే ఉంది కానీ మా ఊరి పోలీసుల కాగితం లేదు. నాలుగోసారి అన్నీ ఉన్నాయి. అప్పుడు ఆవిడ కళ్లజోడు తీసి నావైపు చూసింది.

"మీకు లెక్కలొచ్చని నాకు అనుమానం లేదమ్మా. మీరు మాట్లాడేది పిల్లలకి అర్థం కావాలి కదా."

"మీకు అర్థమవుతోందా?" అన్నాను.

"నేను ఓపిగ్గా వింటున్నాను. వాళ్లు వినరు."

"వినని పిల్లలతోనే పద్నాలుగేళ్లు గడిపానండీ."

ఆవిడ మొదటిసారి నవ్వింది. నవ్వి, జాబితాలో అట్టడుగున నా పేరు రాసుకుంది. "ఎవరూ దొరకనప్పుడు పిలుస్తాం" అంది. అబద్ధం చెప్పనందుకు ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది.

వాళ్ల భాష నేను వచ్చే ముందు మూడు నెలలు పుస్తకం పెట్టుకుని నేర్చుకున్నాను. చదివితే అర్థమయ్యేది, రాస్తే తప్పులుండేవి కావు. నోరు తెరిస్తేనే వచ్చింది తంటా. మా అమ్మాయి మాత్రం బడిలో చేరిన నెలకే అక్కడే పుట్టినట్టు మాట్లాడేది. అందుకని సాయంత్రాలు అది నాకు టీచరైంది. నా అంత దయగల టీచరు కాదు.

"అమ్మా, నాలుక పైకి ఆనించకు."

"ఆనించలేదే."

"ఆనించావు. నాకు వినపడింది. మళ్లీ అను."

మూడు వారాలు ఫోను మోగలేదు. నాలుగో వారం మోగింది. ఆరున్నరకి ఆ గొలుసు కళ్లజోడావిడ గొంతు, "చెక్కపని క్లాసు, వెళ్తారా?" అంది. వెళతానన్నాను. జన్మలో రంపం పట్టుకోని దాన్ని, పదమూడేళ్ల పిల్లలు ముప్ఫైమంది రంపాలు పట్టుకుని ఉండగా వాళ్ల మధ్య నాలుగు గంటలు నిలబడ్డాను. ఎవరి వేలూ తెగలేదు. ఆ తర్వాత సంగీతం క్లాసుకి పంపారు. నేను గొంతెత్తితే మా అమ్మాయే చెవులు మూసుకుంటుంది కాబట్టి, పిల్లల్నే పాడమని చెప్పి తాళం వేస్తూ కూర్చున్నాను. ఇంకోసారి ఆటల పీరియడు. ఈల ఊదడం కూడా ఒక విద్యేనని ఆ రోజు తెలిసింది. లెక్కలకి మాత్రం ఒక్కసారీ పిలవలేదు.

"ఇదంతా ఎందుకు చెప్పు? ఆ ఆటల ఎండలో నిలబడి ఏం బావుకున్నావ్?" అన్నారు మావారు, నా పాదాల బొబ్బలు చూసి.

"క్లాసు కదండీ" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. నాకూ ఇంకోలా చెప్పడం రాలేదు.

తర్వాత ఒక సోమవారం ఆరుంబావుకే మోగింది.

"రెండు వారాల పని. లెక్కలు" అందావిడ.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "లెక్కలా?"

"సంతోషపడకండి. తొమ్మిదో గది. వాళ్ల టీచరు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇప్పటికి ఇద్దర్ని పంపాను. ఒక్క రోజు వెళ్లి వచ్చి, మర్నాటి నుంచి ఇద్దరూ నా ఫోను ఎత్తడం లేదు."

"నేను ఎత్తుతాను" అన్నాను.

తొమ్మిదో గది ఆ హైస్కూలు వెనక భాగంలో, సామాన్ల గది పక్కన ఉంది. పదిహేను పదహారేళ్ల వాళ్లు ఇరవైరెండు మంది. లెక్కల్లో ఏటేటా తప్పుతూ వచ్చిన వాళ్లందరినీ ఏరి ఆ గదిలో వేశారు. మిగతా గదులతో పాటే వాళ్లకీ చలికాలం చివర్లో ఒక పరీక్ష. పాసైతే చేతిపనులు నేర్పే కాలేజీలో సీటు వస్తుంది. వంట, కరెంటు పని, మోటార్లు, ఇళ్లకి రంగులు, ఎవరికి కావలసింది వాళ్లు నేర్చుకోవచ్చు. తప్పితే నెలకి ఇంకొక్కసారి రాయొచ్చు, అప్పుడూ తప్పితే చదువు అక్కడితో సరి. పరీక్షకి పది వారాలుంది. హెడ్మాస్టరు నన్ను గది దాకా తీసుకెళ్లి, తలుపు దగ్గరే ఆగిపోయాడు. "వీళ్లు చెడ్డవాళ్లు కాదు" అన్నాడు. ఆ మాట ఎవరూ అడక్కుండా చెప్పారంటే జాగ్రత్తపడాలి.

లోపలికి వెళ్లాను. ఒకడు బల్ల మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. లేస్తే పైకప్పుకి తగిలేంత పొడుగు. వెనక బల్లలో ఒక పిల్ల, కోటు విప్పకుండా, సంచీ ఒళ్లో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. మిగతావాళ్లు నేను గదిలోకి రానట్టే మాట్లాడుకుంటున్నారు.

ఎప్పటికైనా లెక్కలకి పిలుస్తారని ఇన్నాళ్లూ మా అమ్మాయి దగ్గర వల్లెవేసిన వాక్యం గొంతు సవరించుకుని గట్టిగా చెప్పాను. "ఈ రోజు మనం భిన్నాలు కూడటం నేర్చుకుందాం."

గది పగలబడి నవ్వింది. నిద్రపోతున్నవాడు కూడా లేచి, ఏం జరిగిందో పక్కవాణ్ని అడిగి, వాడు చెప్పాక వాడికంటే ఎక్కువ నవ్వాడు.

వాళ్ల భాషలో భిన్నానికీ, కాలికి వేసుకునే చెప్పుకీ పలికేటప్పుడు ఒక చిన్న ఊదుడే తేడా. ఆ ఊదుడు నా నోట రాలేదు. ఈ రోజు మనం చెప్పులు కూడటం నేర్చుకుందాం అన్నాను నేను.

ముందు వచ్చిన ఇద్దరూ ఇలాంటి చోటే అరిచి ఉంటారు. నేనూ అరిచేదాన్నే, కానీ అరవడానికి కావలసిన మాటలు సమయానికి తట్టలేదు. ఏం చేయాలో తోచక కాలి చెప్పు తీసి బల్ల మీద పెట్టాను. నవ్వు ఆగింది.

"సరే. ఇది చెప్పు" అన్నాను. చాక్‌పీసుతో దాని మీద అడ్డంగా రెండు గీతలు గీశాను. "మూడు సమాన భాగాలు. కుక్క వచ్చి మడమ వైపు ఒక భాగం కొరుక్కుపోయింది. నాకు ఎంత మిగిలింది?"

"మూడింట రెండు" అన్నారెవరో.

రెండో చెప్పు తీసి పక్కన పెట్టాను. "ఈ రెండోదాన్ని కుక్క ముట్టుకోలేదు. ఇప్పుడు నా దగ్గర మొత్తం ఎన్ని చెప్పులున్నాయి?"

గొడవ మొదలైంది. ఒకటీ మూడింట రెండని ఒకడు, మూడింట ఐదని ఇంకొకత్తె. రెండూ ఒకటేనని వాళ్లకి తెలియదు. ఎవరిది సరైందో తేల్చమని నా మీద పడ్డారు. మిగిలిన గంటంతా నేను వట్టి కాళ్లతో, ఆ చల్లటి గచ్చు మీద, వాళ్లిద్దరిదీ ఒకటే జవాబని రుజువు చేశాను. గంట కొట్టేసరికి నా పాదాలు మొద్దుబారాయి. బయటికి పోతూ పొడుగువాడు, "రేపు కూడా వస్తారా చెప్పుల టీచర్?" అన్నాడు.

"వస్తాను. చెప్పుల మీద నువ్వు పడుకోకుండా ఉంటే."

ఆ పొడుగువాడికి నేను స్తంభం అని పేరు పెట్టుకున్నాను, ఇంట్లో చెప్పుకోవడానికి. కోటు విప్పని పిల్లకి పేరు ఆ పిల్లే తెచ్చుకుంది. మూడో రోజు మొదటిసారి నోరు విప్పి "ఎందుకు?" అంది. ఆ తర్వాత వారమంతా అదే మాట. మా అమ్మాయి ఆ పిల్లకి ఎందుకమ్మ అని పేరు పెట్టేసింది.

"ఇవాళ ఎందుకమ్మ ఏమంది?" అని రోజూ అన్నాల దగ్గర అడిగేది.

ఎందుకమ్మ ఒక రోజు నన్ను నిలువునా ఆపేసింది. ఆరుని అరతో భాగించి పన్నెండని బోర్డు మీద రాశాను.

"భాగిస్తే తగ్గాలి కదా. ఎందుకు పెరిగింది?"

"భిన్నంతో భాగించేటప్పుడు తిరగేసి గుణించాలి" అన్నాను.

"ఎందుకు?"

"అది నియమం."

"ఆ నియమం నాకు ఆరేళ్ల నుంచి చెబుతున్నారు. ఎందుకో ఎవరూ చెప్పరు. చెప్పరు కాబట్టి నాకు గుర్తుండదు. గుర్తుండదు కాబట్టి నేను మొద్దు." ఆ పిల్ల కోపంగా అనలేదు. టైము చెప్పినట్టు చెప్పింది.

జవాబు నాకు తెలుసు. వాళ్ల భాషలో చెప్పేందుకు మాటలు రాలేదు. నిజం చెప్పాలంటే తెలుగులో కూడా అది నేనెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మా బళ్లో పిల్లలు అడగలేదు. తిరగేసి గుణించి, పాసై, వెళ్లిపోయారు. "రేపు చెప్తాను" అన్నాను. ఎందుకమ్మ పెదవి విరిచింది. రేపు చెప్తానన్నవాళ్లను ఆ పిల్ల చాలామందినే చూసి ఉంటుంది.

మర్నాడు బాల్కనీలో బట్టలారేసే తాడు విప్పి తీసుకెళ్లాను. సరిగ్గా ఆరు మీటర్లు కొలిచి, ఎందుకమ్మని ముందుకి పిలిచాను. మాటలు తక్కువ చేసి, పని ఆ పిల్ల చేత చేయించాను. రెండేసి మీటర్లకి సుద్దతో గుర్తు పెడితే మూడు ముక్కలు. ఒక్కో మీటరుకి పెడితే ఆరు. అరమీటరుకి పెట్టమని చెప్పి, కత్తెర చేతికిచ్చాను. ఆ పిల్ల గుర్తు గుర్తుకీ కోసుకుంటూ పోయింది. చివరి ముక్క కింద పడ్డాక లెక్కపెట్టింది. ఒకసారి, మళ్లీ ఇంకోసారి.

"ఆరులో అరలు ఎన్నున్నాయని అడుగుతోందన్నమాట ఆ లెక్క" అంది నెమ్మదిగా. "ముక్క చిన్నదైతే ముక్కలు ఎక్కువొస్తాయి. అంతేనా?"

"అంతే."

"ఇంతేనా?"

"ఇంతే."

ఎందుకమ్మ వెనక బల్ల దాకా వెళ్లి, సంచీ తీసుకుని, ముందు బల్లకొచ్చి కూర్చుంది. కోటు విప్పి కుర్చీకి తగిలించింది. నేను బోర్డు వైపు తిరిగి తర్వాతి లెక్క రాశాను.

ఆ సాయంత్రం మావారు తడిబట్టల బుట్ట పట్టుకుని బాల్కనీలో నిలబడిపోయారు. "తాడేదోయ్? బట్టలెక్కడ ఆరెయ్యాలి?"

"పన్నెండు చోట్ల" అంది మా అమ్మాయి.

రెండు వారాలు నాలుగయ్యాయి. కాలు విరిగిన టీచరు ఈ ఏడాదికి రాడని తేలింది. నన్ను పరీక్షదాకా ఉండమన్నారు. అప్పటికి మా ఒప్పందం ఒకటి కుదిరింది. నేను తప్పు పలికితే పిల్లలు చేయెత్తి సరిదిద్దాలి, వాళ్లు తప్పు లెక్క చేస్తే నేను. మొదటి వారం వాళ్ల చేతులు కిందికి దిగలేదు. తర్వాత తర్వాత ఇరుపక్కలా తప్పులు తగ్గుతూ వచ్చాయి. స్తంభానికి హెచ్చవేతలు రావని, అవమానంగా ఉండి నిద్ర నటిస్తాడని కనిపెట్టాను. మధ్యాహ్నం తిండి గంటలో ఎవరికీ తెలియకుండా నా పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కాలు చెప్పించాను.

సరిగ్గా అప్పుడే మా ఇంట్లో నేల కదిలింది.

రాత్రి అన్నాలయ్యాక నేను వంటింటి బల్ల మీద పేపర్లు దిద్దుకుంటున్నాను. మావారు గిన్నెలు తుడుస్తున్నారు. పెళ్లయ్యాక ఆయన గిన్నెలు తుడవడం అదే మొదలని అప్పుడు నాకు తట్టలేదు.

"మా పని ఆపేశారు" అన్నారు. "మొదటి దశతో చాలనుకున్నారట. నెలాఖరుకి వెనక్కి రమ్మని కంపెనీ రాసింది."

నా చేతిలో ఎర్ర పెన్ను ఆగింది. నెలాఖరుకి పన్నెండు రోజులుంది. పరీక్షకి అయిదు వారాలు. మేమక్కడ ఉండటానికిచ్చిన పత్రాలు ఆయన ఉద్యోగంతోనే ముడిపడి ఉన్నాయి. ఆయన పని అయిపోతే మా ముగ్గురి గడువూ అయిపోయినట్టే.

చేతిలో ఉన్నది ఎందుకమ్మ పేపరు. పదిలో తొమ్మిది వచ్చాయి. వేసి, కింద పెట్టి, తర్వాతది తీశాను. అక్షరాలు కనపడటం లేదు.

మావారు ఇంకో గిన్నె తుడిచి బోర్లించారు. "ఇవాళ ఆ పత్రాల ఆఫీసుకి వెళ్లి కనుక్కున్నాను. మీ స్కూలువాళ్లు నువ్వు కావాలని ఉత్తరం ఇస్తే, పత్రాలు నీ పేరు మీదికి మారతాయట. నేనూ పిల్లా నీతో పాటు ఉండొచ్చు. కంపెనీకి మూడు నెలలు సెలవు కావాలని రాసేశాను."

తలెత్తి ఆయన్ని చూశాను. తువ్వాలు భుజాన వేసుకుని, గిన్నెల వైపే చూస్తున్నారు.

"నాతో ఒక్క మాటైనా అనకుండా రాసేశారా?"

"అంటే నువ్వు వద్దంటావ్. వద్దని, తిరిగెళ్లాక మళ్లీ కిటికీలు లెక్కపెడతావ్" అన్నారు. "మొన్న నీ కోసం వచ్చినప్పుడు ఆ గది బయట కాసేపు నిలబడ్డానులే. విన్నాను."

నేను పేపర్లు దిద్దడం పూర్తిచేశాను.

ఉత్తరం అంత తేలిగ్గా రాలేదు. హెడ్మాస్టరు మంచివాడే కానీ నీళ్లు నమిలాడు. "బదులు టీచర్లకి అలాంటి ఉత్తరం ఇచ్చిన అలవాటు మాకు లేదు. పైనుంచి తనిఖీ అధికారి వచ్చి, మీ పాఠం చూసి, సంతకం పెడితే ఇవ్వగలను. ఆయన సాధారణంగా..." అని ఆగాడు.

"పెట్టరా?"

"భాష దగ్గర పట్టుకుంటాడు."

ఆ నాలుగు రోజులు మా ఇల్లు పరీక్ష రాయబోయే ఇల్లులా అయింది. మా అమ్మాయి పొద్దున పళ్లు తోముకుంటూ కూడా నా పాఠం అప్పజెప్పించుకుంది. మావారు తనిఖీ అధికారి వేషం వేసి సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. ఆయనకి ఆ భాష నాలో సగమైనా రాదు. అయినా ప్రతి వాక్యానికీ తల అడ్డంగా ఊపి నా ప్రాణం తీశారు.

అసలు అధికారి గురువారం వచ్చాడు. సన్నగా, పొట్టిగా ఉన్నాడు. వెనక బల్లలో కూర్చుని ఒళ్లో ఒక కాగితం, చేతిలో పెన్సిలు పెట్టుకున్నాడు. పిల్లలకి నేనేమీ చెప్పలేదు. నా గొడవ వాళ్ల నెత్తిన ఎందుకని. కానీ ఆ హెడ్మాస్టరు ముఖం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

పది నిమిషాలు పాఠం నీళ్లలో పడవలా సాగింది. వేరు వేరు భిన్నాలు కూడాలంటే అడుగు సంఖ్యలు కలవాలి. ఆ అడుగు సంఖ్యని తెలుగులో హారం అంటాం. వాళ్ల మాట వెయ్యిసార్లు అన్నదాన్ని, సరిగ్గా అప్పుడు నా నోట్లోంచి ఎగిరిపోయింది. చాక్‌పీసు బోర్డు మీద ఆనించి నిలబడ్డాను. హారం, హారం అని తెలుగే తిరుగుతోంది బుర్రలో. వెనక పెన్సిలు కాగితం మీద కదిలిన చప్పుడు వినిపించింది.

ముందు బల్లలోంచి చేయి లేచింది.

"టీచర్," అంది ఎందుకమ్మ, "కింద ఉండే సంఖ్యని ఏమంటారో నేను మర్చిపోయాను. వాడికి తెలుసేమో అడగండి." వేలు స్తంభం వైపు చూపించింది.

నేను స్తంభం వైపు తిరిగాను. వాడు లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ నిలబడనివాడు. ఆ మాటని గది గోడలు అదిరేలా చెప్పాడు. చెప్పి, ఊరుకోకుండా, అది ఎందుకు కలవాలో కూడా చెప్పాడు. "మూడో వంతు చెప్పునీ, నాలుగో వంతు చెప్పునీ కుట్టలేం సార్. రెండిటినీ ఒకే సైజు ముక్కలు చెయ్యాలి ముందు. అప్పుడు లెక్కపెట్టొచ్చు." ఇది ఏకంగా తనిఖీ అధికారితోనే.

మిగతా పాఠంలో నాకు మాట్లాడే పని పెద్దగా పడలేదు. ఒకళ్ల తర్వాత ఒకళ్లు బోర్డు దగ్గరికి వచ్చారు. ఒకళ్ల తప్పు ఇంకొకళ్లు పట్టుకున్నారు. గంట కొట్టినా ఇద్దరు కూర్చునే ఉన్నారు, లెక్క పూర్తికాలేదని.

అందరూ వెళ్లాక అధికారి బల్లలోంచి లేచి నా దగ్గరికొచ్చాడు.

"ఆ అమ్మాయి ఆ మాట నిజంగానే మర్చిపోయిందా?"

"లేదండీ" అన్నాను. "నేను మర్చిపోయాను."

ఆయన కాగితం వైపు చూసుకున్నాడు. "ఇరవైయేళ్లుగా ఈ తనిఖీలు చేస్తున్నాను. పిల్లలు టీచర్ని కాపాడటం చూడలేదు. దాన్ని రాయడానికి ఈ కాగితంలో గడి లేదు" అన్నాడు. కింద సంతకం పెట్టి, హెడ్మాస్టరుకి ఇచ్చి వెళ్లిపోయాడు.

మర్నాడే ఉత్తరం వచ్చింది. ముగ్గురం పత్రాల ఆఫీసుకి వెళ్లాం. కిటికీలో గుమస్తా నా పేరు, నా పని రాసుకుని, మావారి వైపు తిరిగి, "మీరేం చేస్తుంటారు?" అన్నాడు.

"ఈవిడ భర్తనండీ" అన్నారు మావారు.

"అది సరే. పని?"

"అదే పని" అన్నారు. గుమస్తా ఏం రాసుకున్నాడో గాని, ఆ వాక్యం ఆయన బయటికొచ్చాక కూడా రెండుసార్లు తనలో తాను అనుకుని నవ్వుకున్నారు.

ఆ అయిదు వారాలూ ఇల్లు తలకిందులైంది. పొద్దున ఆయనే లేచి వంట మొదలుపెట్టేవారు. మొదటి వారం నా టిఫిన్ డబ్బాలో అన్నం ముద్దకట్టి, మూత తీస్తే డబ్బా ఆకారంలోనే బయటికొచ్చేది. తోటి టీచర్లు అదేం వంటకమని అడిగితే మా ఇంటి ప్రత్యేకం అనేదాన్ని. మా అమ్మాయి జడ వేయడానికి ఆయన దువ్వెనతో పాటు స్కేలు కూడా తెచ్చుకున్నారు. మూడు పాయలు సమానంగా రావాలట. అది బడికి ఆలస్యమైపోతోందని గోలపెడుతుంటే, "కదలకు, అర సెంటీమీటరు తేడా వచ్చింది" అనేవారు. నాలుగో వారానికి అన్నం పొడిపొడిగా వచ్చింది, జడ నా కంటే బాగా వచ్చింది. పరాయి దేశానికి మమ్మల్ని తీసుకొచ్చింది ఆయన ఉద్యోగమే. ఆయనకీ కూతురికీ స్నేహం కుదిరింది మాత్రం ఆ ఉద్యోగం లేని అయిదు వారాల్లోనే.

పరీక్ష రోజు ఇరవైరెండు మందీ వచ్చారు. హెడ్మాస్టరు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిదో గది నుంచి అందరూ పరీక్షకి కూర్చోవడం ఆయన చూడలేదట. నేను లోపలికి వెళ్లకూడదు. బయట వరండాలో మూడు గంటలు అటూ ఇటూ తిరిగాను. కిటికీలోంచి ఒక్కసారి చూస్తే స్తంభం వేళ్ల మీద ఏదో లెక్కపెడుతున్నాడు, పెదవులు కదులుతున్నాయి. ఏడో ఎక్కమని పోల్చుకున్నాను. నేనూ వాడితో పాటు చదివాను.

రెండు వారాలకి ఫలితాల కవరు వచ్చింది. హెడ్మాస్టరు దాన్ని చింపకుండా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మీరే చదవండి" అన్నాడు. ఈసారి తలుపు దగ్గర ఆగలేదు, లోపలికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

ఒక్కో పేరూ చదివాను, పక్కన మార్కులు. మొదటి పేరుకి పాస్ అనగానే ఆ పిల్ల రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. మూడో పేరు దగ్గర చప్పట్లు మొదలయ్యాయి. పదో పేరు దగ్గర హెడ్మాస్టరు కళ్లజోడు తుడుచుకోవడం చూశాను. ఎందుకమ్మకి వందకి తొంభై నాలుగు. ఆ ఏడు ఆ బడి మొత్తంలో, మంచి గదులన్నీ కలుపుకుని, రెండో స్థానం. ఆ పిల్ల లేచి నిలబడి, "ఇంకో ఆరు ఎక్కడ పోయాయి?" అంది. గదంతా గొల్లుమంది.

ఇరవైఒక్క పేర్లు చదివాను. ఇరవైరెండోది దగ్గర కాగితం కిందికి దించాను. నా ముఖం చూసి స్తంభమే అన్నాడు, "ఎంతలో పోయింది టీచర్?"

"రెండు మార్కులు" అన్నాను. "వచ్చే నెల మళ్లీ రాయొచ్చు. రాస్తావు. రేపు పొద్దున ఎనిమిదింటికి రా."

"రేపు సెలవు కదా టీచర్."

"ఎవరికి?"

వాడు తల దించుకుని నవ్వాడు.

మా గడువు ఇంకో నెలన్నర ఉంది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి తలుపు తీయగానే మావారూ అమ్మాయీ ఇద్దరూ ఒకేసారి, "ఎన్ని?" అన్నారు. చెప్పాను. మా అమ్మాయి సోఫా ఎక్కి గంతులు వేసింది. మావారు నా చేతిలో సంచీ అందుకుని, కూర్చోబెట్టి, ఎన్నిసార్లు చెప్పినా మొదటి నుంచి చెప్పమని ఆ పేర్లన్నీ మూడుసార్లు చెప్పించుకున్నారు. ఒక్కరిని కూడా చూడని మనిషికి ఆ ఇరవైరెండు మందీ కంఠతా వచ్చారు.

మర్నాడు బడి ఖాళీగా ఉంది. వాచ్‌మన్ గేటు తెరిచి, "మీ వాళ్లు వచ్చేశారు" అన్నాడు. వాళ్లేమిటి, ఒక్కడే కదా అనుకుంటూ వెనక భాగానికి నడిచాను. తొమ్మిదో గది తలుపు తెరిచే ఉంది. లోపల స్తంభం ముందు బల్లలో కూర్చుని రాసుకుంటున్నాడు. వాడి చుట్టూ ఇంకో ఎనిమిది మంది, పాసైన వాళ్లే, ఒక్కో లెక్క ఒక్కొక్కరు పంచుకుని సిద్ధంగా ఉన్నారు. ఎందుకమ్మ బోర్డు దగ్గర నిలబడి, చేతినిండా సుద్ద పూసుకుని, అరతో భాగిస్తే ఎందుకు పెరుగుతుందో చెబుతోంది. నేను ఇన్నాళ్లూ వెతుక్కున్న మాటల కంటే మంచి మాటలు దొరికాయి ఆ పిల్లకి.

నన్ను చూసి ఆగింది. "మీరు చెప్తారా టీచర్?"

"నువ్వే కానివ్వు" అన్నాను.

వెనక బల్ల ఖాళీగా ఉంది. సంచీ కింద పెట్టి కూర్చున్నాను. ఇన్ని వారాల్లో ఆ గదిలో పిల్లల వైపు కూర్చోవడం నాకదే మొదలు. అక్కణ్నుంచి బోర్డు చాలా బాగా కనిపిస్తోంది.